రోడ్డేది, పార్కింగేది: పండగ నెలలో డెల్టా డ్రైవింగ్ లెక్కలు

పోయినేడు భోగి పొద్దున్న మా బావగారు హైదరాబాద్ నుంచి రాత్రంతా నడుపుకుంటూ వచ్చారు. రావులపాలెంలో హైవే దిగి అమలాపురం రోడ్డెక్కాక అసలు కథ మొదలైందంట, అప్పటిదాకా డివైడరు, తెల్లగీతలు, మెరిసే బిళ్లలు అన్నీ ఉన్నాయి, ఇక్కడ్నుంచి అవేం లేవు, మంచు మాత్రం రెట్టింపు. ఇంటికొచ్చి కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని "నాలుగు ఇండికేటర్లూ వేసుకుని, హైబీమ్ కొట్టుకుంటూ భద్రంగా వచ్చానండీ" అన్నారు. మా చిన్నాన్న ఊరుకోడు కదా, "ఆయ్, ఆ రెండూ వేసుకుని భద్రంగా రావటమేంటండీ బాబూ" అన్నాడు. ఆ గొడవ గారెల గిన్నె ఖాళీ అయ్యేదాకా నడిచింది.

ప్రతి జనవరిలోనూ ఇదే గొడవ వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరుగుతుంది, ఒకడు ఒకటి పెడతాడు ఇంకోడు దానికి రివర్స్ పెడతాడు. నేను కూర్చుని లెక్కలు కట్టుకుంటే అర్థమైంది ఏంటంటే, మన గోదావరి డెల్టాలో ఈ నెల కష్టమంతా మంచు మీద తోసేస్తాం గానీ, మంచులో గుద్దుకోడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి కదా. మన రోడ్డు మీద ఆగి ఉండేవే ఎక్కువ. ధాన్యం, లైట్లేని ట్రాక్టర్, భోగి మంట, ముగ్గు, కోడిపందేల బరి దగ్గర కిలోమీటరు పొడుగున కార్లు. కాబట్టి డ్రైవింగ్ ఒక చాప్టరు, పార్కింగ్ ఇంకో చాప్టరు అని విడగొట్టి చెప్తే ఇక్కడ కుదరదు.

మంచు అనేది ఒక్క మాటే గానీ

తెలుగులో హిమాలయం మీదుండేదీ మంచే, గడ్డి మీద బొట్టూ మంచే, కాలవ మీద తెల్లగా పరుచుకునేదీ మంచే. ఇక్కడ మనక్కావల్సింది మూడోది, పొగమంచు. వాతావరణ శాఖ లెక్కలో కనపడే దూరం 1000 మీటర్ల లోపుకి పడిపోతే అది పొగమంచు. 200 నుంచి 500 మీటర్ల మధ్య అయితే ఓ మోస్తరు, 50 నుంచి 200 అయితే దట్టం, 50 మీటర్ల లోపైతే అతి దట్టం. కరెంటు స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం మనూళ్లల్లో దాదాపు 50 మీటర్లు ఉంటుంది, సో పక్క స్తంభం కనపడకపోతే అతి దట్టం అనుకోవచ్చు.

ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల వేడంతా పైకి పోతుంది, నేలనానుకున్న తడి గాలి చల్లబడి సన్నటి నీటి చుక్కలవుతుంది. మన దగ్గర తడికి కొదవేం లేదు. జనవరిలో దాళవాకి, అంటే రెండో పంట వరికి, కాలవలు నిండుగా పారతాయి, చేలల్లో నీళ్లు పెట్టి ఉంటాయి, భీమవరం ఉండి ఆకివీడు వైపెళ్తే చేపల చెరువులే చెరువులు. అందుకే ఇక్కడ మంచు ఒక్కసారి మొత్తం కప్పదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఊరి మధ్యలో బాగానే ఉంటుంది, ఊరు దాటి చెరువుల మధ్యకి రాగానే దుప్పటి కప్పినట్టు అయిపోతుంది. 70లో వచ్చేవాడు ఆ దుప్పట్లోకి కూడా 70లోనే దూరతాడు, అదీ తంటా.

భోగినాడు ఇంకోటి కలుస్తుంది. తెల్లారుజామున 4 గంటలకే ప్రతి సెంటర్లోనూ మంట. కింద చల్లగాలి పైన వెచ్చగాలి మూతలాగా ఉండే టైం అది, పొగ పైకి పోదు. ఆ పొగలో నలుసుల్ని పట్టుకుని తేమ ఇంకా చిక్కబడుతుంది. పొగమంచు అన్న మాట ఆ ఒక్క రోజు అక్షరాలా నిజం.

కనపడే దూరం, ఆగే దూరం

బ్రేకు మీద కాలు పడ్డాక బండి జరిగే దూరం ఒక్కటే ఆగే దూరం అనుకుంటారు చాలామంది. దానికి ముందు ఇంకోటుంది, ఎదురుగా ఏదో ఉందని కన్ను చూసి కాలు కదిలేదాకా బండి అదే స్పీడులో పోతూనే ఉంటుంది. ఆ టైం ఒకటిన్నర సెకను అనుకుందాం, నిద్ర లేకుండా రాత్రంతా నడిపినవాడికి ఇంకా ఎక్కువే పడుతుంది.

60 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఒకటిన్నర సెకన్లో 25 మీటర్లు పోయింది, ఇంకా బ్రేకే పడలేదు. పొడి రోడ్డయితే బ్రేకు పడ్డాక ఇంకో 20 మీటర్లు, తడి రోడ్డయితే 35. మొత్తం తడి రోడ్డు మీద 60 మీటర్లు. అదే 40లో వస్తే 17 ప్లస్ 16, అంటే 33 మీటర్లలో ఆగుతుంది. 80లో వస్తే 96 మీటర్లు. స్పీడు రెట్టింపైతే బ్రేకు దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది, ఆ 16 చూడండి 63 అయ్యింది.

ఇప్పుడు 50 మీటర్లు మాత్రమే కనపడే మంచులో ఈ లెక్క పెట్టి చూడండి. 40లో వచ్చేవాడికి ఆగి ఉన్న ట్రాక్టర్ ముందు ఇంకా 17 మీటర్లు మిగులుతుంది. 60లో వచ్చేవాడికి 10 మీటర్లు తక్కువ పడింది. ఆ 10 మీటర్లు ఎక్కడ్నుంచి తెస్తాడు, ట్రాక్టర్ లోపల్నుంచే తెస్తాడు.

"ఇవన్నీ పుస్తకం లెక్కలు, కొత్త బండికి ఏబీఎస్ ఉంది" అని బావగారి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు, ఏబీఎస్ వల్ల చక్రాలు జామ్ అవ్వవు, స్టీరింగ్ మాట వింటుంది. కానీ కన్ను చూసి కాలు కదిలే టైంని ఏబీఎస్ తగ్గించలేదు. ఇంకో మాట, రోడ్లు డిజైన్ చేసే ఇంజినీర్లు మనకన్నా భయస్తులు, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల లెక్కలో ఆ టైం రెండున్నర సెకన్లు, 60 స్పీడుకి 80 మీటర్లు కనపడాలంటారు. పైగా ఇక్కడ తడి రోడ్డంటే వాన తడి ఒక్కటే కాదు, చేలోంచి ఎక్కిన ట్రాక్టర్ చక్రాలకంటిన ఒండ్రుమట్టి తారు మీద పడి, రాత్రి మంచుకి నాని సబ్బులా తయారవుతుంది. దానికి ఏ పుస్తకంలోనూ అంకె లేదు.

లైట్ల గొడవలో ఎవరి మాట ఎంత నిజం

హైబీమ్ సంగతి తేలిక. మంచంటే గాల్లో నీటి చుక్కలు, పైకి కొట్టిన వెలుతురు వాటికి తగిలి తిరిగి మన కళ్లల్లోనే పడుతుంది, ఎదురుగా తెల్లగోడ లేచినట్టుంటుంది. లోబీమ్ కిందకి పడుతుంది కాబట్టి రోడ్డంచు కాస్త తెలుస్తుంది. ఫాగ్ లైట్లు బంపర్ కింద పెట్టేదీ అందుకే. పసుపు లైటు మంచుని చీల్చుకుపోతుంది అన్నది మాత్రం పాత నమ్మకం, మంచు చుక్కలు వెలుతురు అల కన్నా చాలా పెద్దవి, అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పసుపు కంటికి కాస్త హాయిగా అనిపిస్తుందంటారు, అంతవరకే.

నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడపటం గురించి నిజంగానే రెండు వైపులా మాటుంది. వేసేవాళ్లు ఏమంటారంటే, మెరిసే లైటు కంటికి తొందరగా తగులుతుంది, వెనక లారీవాడు చూస్తాడు. వద్దనేవాళ్లు ఏమంటారంటే, ఆ లైటు ఉన్నది ఆగిపోయిన బండికి, కదిలే బండి కూడా అదే వేస్తే ఆగిందేదో వెళ్లేదేదో తెలీదు, పైగా మీరు కుడికి తిరుగుతున్నారో ఎడమకి తిరుగుతున్నారో చెప్పే దారి లేదు. హైవే మీద ముందు ట్రాఫిక్ ఠక్కున ఆగితే కాసేపు వేయటంలో అర్థముంది. కానీ మన రోడ్ల మీద ప్రతి ఫర్లాంగుకీ ఒక సందు, కొబ్బరితోటల్లోకి తిరిగేవాళ్లు, చేలగట్టు మీదకి దిగేవాళ్లు, ఇక్కడ ఇండికేటర్ లేకుండా పోవటం ఖరీదైన బేరం. నా ఓటు చిన్నాన్నకే.

ఈ గొడవలో ఎవరూ ఎత్తని విషయం ఇంకోటుంది. కొత్త కార్లకి ముందు డీఆర్ఎల్ అని తెల్లలైటు ఇంజిన్ ఆన్ చేయగానే వెలుగుతుంది, డ్యాష్‌బోర్డ్ కూడా వెలిగే ఉంటుంది, దాంతో లైట్లు వేశామనే అనుకుంటాం. చాలా కార్లలో అప్పుడు వెనక ఎర్రలైటు వెలగదు. తెల్లారాక మంచులో ఆటో లైట్లు కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి, చుట్టూ తెల్లగా వెలుతురు ఉంటుంది కదా, సెన్సార్ పగలే అనుకుంటుంది. బావగారి బండి మర్నాడు పొద్దున్న వాకిట్లో స్టార్ట్ చేసి వెనక్కెళ్లి చూస్తే ఇదే పరిస్థితి. మోటార్ సైకిళ్లకి 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలన్న రూల్ ఉంది, ఆ విషయంలో బైకోడే నయం.

అద్దానికి లోపల ఆవిరా బయట ఆవిరా అన్నది కూడా ఇక్కడే చెప్పేస్తా. వేలితో గీస్తే తెలిసిపోతుంది. లోపలైతే మనుషుల ఊపిరి తేమ, ఏసీ వేసి బయటి గాలి రానిస్తే పోతుంది. మన దగ్గర ఎక్కువ బయటే, ఎందుకంటే డెల్టా మంచు ఉత్తరాదిలా గడ్డకట్టే చలి కాదు, బయట తేమతో కూడిన గాలి, లోపల ఏసీ 18లో పెట్టి అద్దాన్ని చల్లని గ్లాసులా చేస్తాం. ఏసీ ఇంకా పెంచితే ఇంకా పడుతుంది. వేడి కాస్త పెంచి వైపర్ తిప్పితే పోతుంది.

రోడ్డు మీద ధాన్యం: తప్పెవరిది

కారులో వచ్చేవాళ్లకి ఇది అన్యాయంగానే కనపడుతుంది, సగం రోడ్డు ధాన్యమే, దాని అంచున బండ్లు ఎక్కకుండా రాళ్లు, చీకట్లో ఆ రాళ్లకి బైకులు పడుతుంటాయి. రైతు వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. ప్రభుత్వం కొనాలంటే ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. ఒకప్పుడు కోసి, పనలు వేసి, కుప్పేసి, తీరిగ్గా నూర్చేవాళ్లు, గింజ కుప్పలోనే ఆరేది. ఇప్పుడు కోతమిషన్ దిగిందంటే గంటలో పచ్చి ధాన్యం ట్రాక్టర్లో ఉంటుంది. కళ్లాలు ఏవీ, కళ్లం చేసే జాగాలో ఇళ్లొచ్చేశాయి. చుట్టూ తడి నేల, మధ్యలో ఎండకి కాలే పొడి జాగా తారురోడ్డు ఒక్కటే. బరకాలు పరవటానికి వేరే చోటు చూపించకుండా రోడ్డు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాడు?

అలాగని చట్టం ఊరుకోదు. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద ఎదుటివాళ్లకి ప్రమాదమయ్యేలా, అడ్డమయ్యేలా బండి వదిలేయకూడదు. ధాన్యం పక్కన లైటు లేకుండా రాత్రంతా నిలబెట్టిన ట్రక్కు దీని కిందకే వస్తుంది. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు అని మన ఊళ్లల్లో స్థిరపడిపోయిన మాట ఉంది కదా, నష్టపరిహారం కేసుల్లో అంత సూటిగా ఉండదు. లైటు లేకుండా ఆపినవాడి వాటా ఎంత, ఆగలేని స్పీడులో వచ్చినవాడి వాటా ఎంత అని కేసుని బట్టి పంచుతారు.

పక్కనే కాలవ ఉన్నప్పుడు

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, ఆ కాలవలు నీళ్లకే కాదు, పడవలకి కూడా. గట్లు ఆ పడవల్ని తాడుతో లాగే మనుషులు నడవటానికి, తర్వాతెప్పుడో వాటిల్లో చాలా వాటి మీద తారు పోశాం. అందుకే మన గట్టు రోడ్లకి చాలాచోట్ల వెడల్పుండదు, గోడుండదు. ఎదురొచ్చే బస్సుకి దారివ్వటానికి ఎడమ చక్రం దించితే, మంచుకి నానిన గట్టు అంచు జారుతుంది.

కారు నీళ్లల్లో పడితే తలుపు ఎందుకు రాదో ఒక లెక్క. తలుపు వెడల్పు 1 మీటరు, అందులో 60 సెంటీమీటర్లు నీళ్లల్లో మునిగి, లోపల ఇంకా నీళ్లు నిండలేదనుకుందాం. ఆ తలుపు మీద నీళ్ల ఒత్తిడి దాదాపు 180 కిలోల బరువంత. ముగ్గురు మనుషులు తలుపుకి ఆనుకుని నిలబడ్డట్టు. అందుకే నిపుణులు తలుపు మాట వదిలేసి కిటికీ అంటారు, మొదటి నిమిషంలో పవర్ విండోలు ఇంకా పనిచేస్తుంటాయి, బెల్టు విప్పుకుని అద్దం దించుకుని బయటపడే అవకాశం అప్పుడే. సీటు మీద తలదిండు పీకి అద్దం పగలగొట్టొచ్చని తిరిగే వీడియో పూర్తిగా అబద్ధం కాదు, కానీ అది దానికోసం చేసింది కాదు. పక్క అద్దం మామూలు గట్టి గ్లాసైతే అంచు దగ్గర పొడిస్తే పగలొచ్చు, కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా రెండు పొరల గ్లాసు, అవి పగలవు.

వరదల్లో కాజ్‌వే మీద కారు కొట్టుకుపోవటం కూడా ఇదే నీళ్ల లెక్క. చిన్న కారు అడుగు భాగం 4 మీటర్ల పొడుగు, 1.6 వెడల్పు అనుకుంటే, నీళ్లు ఫ్లోర్ దాటి ప్రతి 10 సెంటీమీటర్లు పెరిగితే 640 కిలోలు పైకి లేపుతుంది. 1000 కిలోల కారు 16 సెంటీమీటర్లకి తేలుతుంది, కింద గ్రౌండ్ క్లియరెన్స్ ఇంకో 17 కలుపుకుంటే రోడ్డు మీద 33 సెంటీమీటర్లు, అంటే మోకాలి కన్నా తక్కువ. నీళ్లల్లో మునిగిన కారు విషయంలో ఇంకో చిక్కు ఇన్సూరెన్స్, నీళ్లు దిగాక ఆత్రంగా సెల్ఫ్ కొడితే ఇంజిన్లోకి నీళ్లు పోయి పాడైతే, ఇంజిన్ కవర్ అని విడిగా తీసుకోనివాళ్లకి మామూలు పాలసీలో అది రావటం కష్టం.

చేలో, తోటలో పార్కింగ్

సంక్రాంతి మూడు రోజులూ మన పార్కింగ్ అంతా కోసిన చేలల్లో, కొబ్బరితోటల్లో. కోడిపందేలు చట్టప్రకారం నిషేధమే, అయినా బరుల దగ్గర కార్లు లెక్కపెట్టలేం, కనుమకి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జాతరకైతే ఇక చెప్పక్కర్లేదు.

చేలో ఎండిన వరిదుబ్బులు, చెదిరిన గడ్డి ఉంటాయి. చాలాదూరం నడిపొచ్చిన బండి సైలెన్సర్, దాని ముందుండే, పొగని శుభ్రం చేసే కన్వర్టర్ వందల డిగ్రీల వేడిలో ఉంటాయి. గడ్డి వాటికి ఆనుకుంటే అంటుకోటానికి పెద్ద టైం పట్టదు, పక్కపక్కనే కార్లు, మధ్యలో మనిషి పట్టే సందు లేదు. తోటలో ఇంకో లెక్క. 15 మీటర్ల ఎత్తునుంచి రాలే కొబ్బరికాయ కింద పడేసరికి గంటకి దాదాపు 60 కిలోమీటర్ల స్పీడు అందుకుంటుంది. ఒకటిన్నర కిలో కాయ ఆ స్పీడుతో బానెట్ మీద పడితే సొట్టతో సరిపెట్టుకోవాలి, అద్దం మీదైతే అదీ లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే దానికి పైసా రాదు. అందుకే మా వైపు పెద్దాళ్లు తోటలోకి రాగానే ముందు పైకి చూస్తారు, గెలలు దింపిన చెట్టా కాదా అని.

ముందుకి పెట్టాలా, రివర్స్ లో పెట్టాలా అన్నదానిమీద కూడా రెండు వాదనలున్నాయి. రివర్స్ లో పెడితే వచ్చేటప్పుడు ఖాళీ జాగాలోకి వెనక్కి వెళ్తాం, వెళ్లేటప్పుడు జనం మధ్యలోకి ముందు చూసుకుంటూ వస్తాం, అది మంచిది అంటారు. నిజమే. కానీ వెనక క్యూలో 20 బండ్లు హారన్ కొడుతుంటే, చీకట్లో, మెత్తటి నేలలో రివర్స్ ఎంతమందికి కుదురుతుంది? అదీగాక ముందు చూపు కూడా మనం అనుకున్నంత లేదు. పెద్ద కార్లలో డ్రైవర్ కన్ను నేలకి మీటరున్నర ఎత్తులో, దానికి 2 మీటర్ల ముందు బానెట్ అంచు మీటరు పైన ఉంటే, బంపర్ ముందు నాలుగైదు మీటర్ల దాకా నేల కనపడదు. 60 సెంటీమీటర్ల ఎత్తులో కూర్చున్న పిల్ల అయితే 2 మీటర్ల లోపుంటే అసలు కనపడదు. ధనుర్మాసం పొద్దున్న వాకిట్లో ఆపిన కారు ముందు చుక్కలు పెడుతూ ఒంగున్న ఆడపిల్లలు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటారు. మా వీధిలో ముగ్గు డబ్బా బానెట్ మీద పెట్టటం ఒక అలవాటు, డబ్బా కనిపిస్తే కింద మనిషుందని.

"ఓనర్ రిస్క్" అని రాసిన టికెట్

పార్కింగ్ టికెట్ మీద "వాహనం యజమాని బాధ్యత" అని రాసుంటే ఇక మనం ఏం అడగలేం అనుకుంటాం. 1872 కాంట్రాక్ట్ చట్టంలో, ఒకడి వస్తువు ఇంకోడి చేతికి భద్రత కోసం అప్పగిస్తే తీసుకున్నవాడు తన సొంత వస్తువుని మామూలు మనిషి చూసుకున్నట్టు చూసుకోవాలి అనుంది. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ దగ్గర తాళం ఇచ్చిన కారు పోయింది, ఇన్సూరెన్స్ కంపెనీ యజమానికి డబ్బు కట్టి హోటల్ మీదకెళ్లింది. 2019 నవంబర్లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, తాళం చేతికి తీసుకున్నాక, తమ వాళ్ల నిర్లక్ష్యం వల్ల పోతే స్లిప్ మీద ఓనర్ రిస్క్ అని అచ్చేసుకున్నంత మాత్రాన తప్పించుకోలేరు, జాగ్రత్తగా చూశామని హోటలే నిరూపించుకోవాలి అని.

అయితే చేలో పార్కింగ్ కి ఇది అలాగే అతకదు. తాళం మన జేబులోనే ఉంటుంది, 50 రూపాయలిచ్చి జాగా వాడుకున్నాం అంతే అని తోట యజమాని అనొచ్చు, అందులో బలముంది కూడా. కాదు, కంచె వేశారు, గేటు దగ్గర మనిషిని పెట్టారు, టికెట్ చూపిస్తేనే బండి వదులుతున్నారు, అంటే కాపలా ఒప్పుకున్నట్టే కదా అని బండివాడు అనొచ్చు. ఇది ఆ చోట ఏం జరిగిందన్నదాన్ని బట్టే తేలుతుంది, ఆ తేలటానికి కూడా ముందు ఆ బండి అక్కడ పెట్టామని చూపించాలి.

బావగారు ఆ రోజు సాయంత్రం ఒక తోటలో పెట్టి తీసుకున్న టికెట్ చొక్కా జేబులో ఉంటే మా చెల్లి ఉతకబోయే ముందు తీసింది. గులాబీ కాగితం, పెన్సిల్ రాత, కారు నంబర్లో చివరి అంకె 3 బదులు 8 రాసుంది.